అప్‌డేట్: స్టడీ హాల్ కంప్యూటర్‌లో క్రోమ్ సమస్య తీరింది

చిక్కడపల్లిలో మా స్టడీ హాల్లో అందరూ వాడే కంప్యూటర్‌లో రోజూ పొద్దున్నే ఏ సైట్ తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు' అని వస్తోందని, క్రోమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పోవట్లేదని అడిగాను కదా. స్క్రీన్ మూలన తేదీ చూడమన్నవారికి చాలా థాంక్స్. అక్కడ 2015 జనవరి 1 అని ఉంది!

సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కి చూపించే గుర్తింపు పత్రాల్లాంటివి సర్టిఫికెట్లు. వాటికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. 2015లో ఉన్నాననుకునే కంప్యూటర్‌కి ఇప్పటి సర్టిఫికెట్లన్నీ ఇంకా మొదలుకానివే. ఇంకో బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్‌లోనూ అందుకే అదే గొడవ.

మరి రోజూ పొద్దున్నే ఎందుకు? రాత్రి హాలు మూసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తారు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు (కంప్యూటర్ లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు) మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్. అది అయిపోయింది. తేడా 15 గంటలు దాటితే విండోస్ మామూలుగా తనంతట తాను టైమ్ సరిచేసుకోదు. మాకున్నది అడ్మిన్ హక్కులు లేని స్టాండర్డ్ అకౌంట్, కాబట్టి మేం టైమ్ మార్చే వీల్లేదు.

హాలు చూసుకునే అంకుల్‌కి చెప్తే ఆయనే సెల్ తెచ్చారు. ప్లగ్ తీసి, క్లిప్ పక్కకి నొక్కగానే పాతది పైకి లేచింది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) తేదీ మార్చాం.

హెచ్చరిక వచ్చినా పట్టించుకోకుండా ముందుకెళ్లమన్న సలహా మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. అందరూ వాడే కంప్యూటర్‌లో ఆధార్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు కొడతారు.

ఇప్పుడు రాత్రి మెయిన్ ఆపినా పొద్దున తేదీ సరిగ్గానే ఉంటోంది. గ్రూప్స్‌కి చదివేవాళ్ల టెన్షన్ తీరింది.