తాతగారి వెబ్లీ పిస్టల్ మూడో రౌండుకే ఆగిపోతోంది, ఉంచుకోవాలా వద్దా?

అరండల్‌పేట, గుంటూరు

మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్లు. ఆయన లైసెన్సు మీద పాయింట్ 32 వెబ్లీ అండ్ స్కాట్ పిస్టల్ ఉంది. అది మా తాతగారిది. ఆయన పొగాకు వ్యాపారం చేసేవారు. రైతులకు డబ్బు పట్టుకెళ్లే రోజుల్లో, చొక్కా కింద నడుముకి కట్టుకుని బస్సెక్కేవారట.

2024 ఎన్నికలప్పుడు అందరిలాగే మేమూ స్టేషన్‌లో డిపాజిట్ చేశాం. దాని తోలు కవర్‌లోనే పెట్టి ఇద్దామన్నది నేనే. వెనక్కి తెచ్చుకుని నాన్నగారు తీసి చూస్తే స్లైడ్, అంటే పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ జారే పై భాగం, కుడివైపు అంతా గోధుమరంగు మచ్చలు. ఆయన ఏమీ అనలేదు, చాలాసేపు గుడ్డతో తుడుస్తూ కూర్చున్నారు. నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

పోయిన నెల అనుమతి ఉన్న రేంజ్‌లో ఆయన ఎనిమిది రౌండ్లు పేల్చి చూద్దామనుకున్నారు. రెండు పేలాయి, మూడోది సగం దాకా వెళ్లి ఇరుక్కుంది. మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసి మళ్లీ నింపితే మళ్లీ మూడో దగ్గరే ఆగింది. తూటాలు ఇరవై ఏళ్ల నాటివి. బంధువులంతా ఇది అమ్మేసి మన దేశంలో తయారైన అశని పిస్టల్ కొనమంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఇలాంటి పాత పిస్టల్ వాడినవాళ్లు చెప్పండి, దీన్ని బాగు చేయించుకోవచ్చా? నాన్నగారి తర్వాత నా పేరు మీదికి ఎలా మారుతుంది?

కృష్ణలంక రిటైర్డ్ ఆర్మరర్

బాబూ, నేను పోలీసు ఆర్మరీలో తుపాకులు బాగుచేస్తూ ఇరవై ఆరేళ్లు పనిచేశాను. నువ్వు చెప్పినది విన్నాక నా అనుమానం ముందు మ్యాగజైన్ మీదికే పోతోంది. రెండుసార్లూ ఒకే చోట ఆగిందంటే తప్పు అందులోనే ఉండే అవకాశం ఎక్కువ.

పాయింట్ 32 ఆటో తూటాకి అడుగున అంచు కొంచెం బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు కూర్చోవాలి. వెనక పడిందో, స్లైడ్ తోసినప్పుడు పైది కిందిదాన్ని తగులుకుని కదలదు. నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ చూసుకోమని నాన్నగారికి చెప్పు. అలా చేసినా ఆగితే మ్యాగజైన్ స్ప్రింగ్ అలసిపోయినట్టు, లేదా పైన తూటాని పట్టే పెదవులు విడిపోయినట్టు. ప్లయర్‌తో వాటిని వంచే ప్రయత్నం మాత్రం ఇంట్లో చెయ్యొద్దు. అలా వంచి పాడుచేసినవి నా బల్ల మీదికి చాలా వచ్చాయి.

ఇక పిస్టల్ సంగతి. వెబ్లీలో స్లైడ్‌ని ముందుకు తోసే స్ప్రింగ్ మిగతావాటిలా బ్యారెల్ కింద చుట్టలుగా ఉండదు. కుడివైపు పిడి పలక కింద వి ఆకారంలో ఉంటుంది. ఆ పలక పాత గట్టి రబ్బరు, పెళుసు. స్క్రూ విప్పి చూద్దామంటే చీలిపోతుంది. లైసెన్సున్న డీలర్ దగ్గర, వెబ్లీ విప్పిన అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి.

హ్యామర్, అంటే పిన్నుని కొట్టే సుత్తి, బయటికి కనపడే పిస్టల్ ఇది. కొత్త పిస్టళ్లలో ఉండే, కింద పడినా పేలకుండా, తూటాని పేల్చే పిన్నుని ఆపే ఏర్పాటు ఇందులో లేదు. అందుకని చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) తూటా ఎప్పుడూ ఉంచొద్దు. ఈ ఒక్కమాట మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది, అయినా నువ్వూ నేర్చుకో.

తోలు గురించి బాధపడకు, చాలామంది చేసే పనే. తోలు ఊనడానికి వాడే మందులు, దానికి తోడు మన కృష్ణ ఒడ్డు చెమ్మ, రెండూ ఇనుముని తింటాయి. పలచగా నూనె రాసి నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో బీరువాలో పెట్టండి. మచ్చలు పోగొట్టడానికి ఎమెరీ కాగితం వద్దు, మళ్లీ నల్లరంగు పూయించడం అసలే వద్దు. 1911 నుంచి లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు వాడిన మోడల్ ఇది. ఆ పాత నీలి నలుపు పోతే మళ్లీ రాదు.

పాత తూటాలు పక్కన పెట్టేసి కొత్తవి తీసుకుని ఒకసారి చూడండి. కొనేటప్పుడు రివాల్వర్ పాయింట్ 32 కాదు, ఆటో పాయింట్ 32 అని గట్టిగా చెప్పండి. పేరు ఒకటే ఉన్నా తూటాలు వేరు.

మొగల్రాజపురం కోల్ట్

మా దగ్గర 1903 మోడల్ కోల్ట్ ఉంది, అదే పాయింట్ 32. జాన్ బ్రౌనింగ్ డిజైన్, హ్యామర్ లోపల దాగి ఉంటుంది. మాదీ మీలాగే ఆగేది. డీలర్ దగ్గర కొత్త మ్యాగజైన్ స్ప్రింగ్, స్లైడ్ స్ప్రింగ్ వేయించాక ఈ మూడేళ్లలో ఒక్కసారీ ఆగలేదు. అమ్మకండి. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల పర్సనల్ దిగుమతులు ఆగిపోయాయి. ఒకసారి చేజారితే మళ్లీ మీకు ఇలాంటిది దొరకడం కష్టం.

లైసెన్సు విషయం. 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సుదారుకి డెబ్బై ఏళ్లు నిండినా, ఆయుధం ఉంచుకుని ఇరవై ఐదేళ్లు గడిచినా, ఏది ముందు వస్తే అప్పుడు తను ఎంచుకున్న వారసుడి పేరు మీద లైసెన్సుకి అప్లై చేయించొచ్చు. మీ నాన్నగారికి ఆ అర్హత ఇప్పటికే ఉంది. ఆయన బతికుండగానే చేయించండి. మా నాన్నగారు పోయాక చేయించుకోవడంలో నేను పడ్డ తిరుగుడు మీకొద్దు. ఆ కాలమంతా పిస్టల్ డీలర్ దగ్గర డిపాజిట్‌లోనే ఉంచాల్సి వచ్చింది, ఇంట్లో ఉంచుకునే వీలు లేదు. ఆయుధ చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలే, లైసెన్సు గడువు ఐదేళ్లు.

పటమట

నా దగ్గర అశని ఉంది. తూటాలు, రిపేరు రెండూ సులువు. ఆత్మరక్షణకే అయితే అదే తీసుకుంటాను. రెండో ఆయుధంగా కొనండి, తాతగారిది మాత్రం ఇచ్చెయ్యకండి.

అరండల్‌పేట, గుంటూరు

అందరికీ దండాలు. ఆర్మరర్ గారు చెప్పినట్టు నాన్నగారు నిన్న ఖాళీ మ్యాగజైన్ పట్టుకుని చూశారు. ఎడమవైపు పెదవి కొంచెం పైకి లేచి ఉంది. ఇన్నేళ్లూ ఎవరమూ గమనించలేదు. సోమవారం ఆయనే విజయవాడ డీలర్ దగ్గరికి తీసుకెళ్తున్నారు. వచ్చేటప్పుడు నా పేరు మీద అప్లికేషన్‌కి ఏమేం కాగితాలు కావాలో కనుక్కుంటానన్నారు. అమ్మడం లేదు.

కోల్ట్ అన్నగారూ, మీ స్ప్రింగులు వేసిన డీలర్ వెబ్లీ కూడా విప్పుతారా?