మునిగిన ఓడల లొకేషన్ అందరికీ చెప్పాలా, దాచాలా?

సొంతబోటు:
అమెరికా, కెనడాల మధ్య ఉన్న మహా సరస్సుల్లో డైవింగ్ చేసేవాళ్ళని అడుగుతున్నా. అక్కడ మునిగిన ఓడలు వేలల్లో ఉన్నాయి. కొన్నిటి కోఆర్డినేట్లు (అక్షాంశ రేఖాంశాలు) ప్రభుత్వ సంస్థలే ఇస్తున్నాయి. మిగతావి కనిపెట్టినవాళ్ళ నోట్‌బుక్కులు దాటి రావు. అడిగితే నవ్వి ఊరుకుంటారు. 1987 నాటి చట్టం ప్రకారం అమెరికా వైపు సరస్సు అడుగున వదిలేసిన ఓడలు చాలామటుకు ఆయా రాష్ట్రాలవే. జనం ఆస్తి ఎక్కడుందో జనానికి చెప్పకపోవడం ఏం న్యాయం?

చన్నీళ్ళు:
న్యాయం సంగతి తర్వాత, ముందు ఓడ మిగలాలి కదండీ. ఉప్పునీటిలో చెక్కని తొలిచే పురుగు ఈ సరస్సుల్లో బతకదు. పైగా అడుగున చలి. అందుకే నూట యాభై ఏళ్ళ కొయ్య ఓడలు కూడా కొన్నిచోట్ల తెరచాప స్తంభాలతో సహా నిలబడి ఉన్నాయి. లొకేషన్ బయటపడగానే ముందు ఓడకి వేలాడే గంట పోతుంది, తర్వాత కప్పీలు, చుక్కాని చక్రం. తీయడం నేరమే, కానీ నీటి అడుగున కాపలా ఎవరుంటారు? పైకి తెచ్చినా దక్కదు. 1864లో మునిగిన ఆల్విన్ క్లార్క్ అనే ఓడని 1969లో చెక్కుచెదరకుండా పైకి లేపారు. గాలి తగిలి కుళ్ళిపోయింది. 1994లో కూల్చేశారు.

సొంతబోటు:
దొంగలకి లొకేషన్ ఎలాగూ తెలుస్తుంది. తెలియనిది మాలాంటివాళ్ళకే.

సోనార్‌పిచ్చి:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. గంట ఎత్తుకెళ్ళేవాడి కన్నా లంగరు వేసేవాడు ఎక్కువ పాడుచేస్తాడు, అదీ తెలియక. ఓడ ఆనవాలు స్క్రీన్ మీద కనపడగానే దాని మీదే కొక్కెం వేసి లాగుతారు. రెయిలింగ్ ఊడుతుంది, డెక్ పలకలు లేస్తాయి. చేయాల్సిన పద్ధతి వేరు. ఓడకి కాస్త పక్కన, ఖాళీ అడుగు మీద, తాడు కట్టిన బరువు వదలాలి. పైన తేలే బోయా పట్టుకుని దిగాలి. బోటులో నడపడం వచ్చిన మనిషి ఒకరు ఉండి తీరాలి, డైవ్ జెండా ఎగురుతుండాలి. హ్యూరన్ సరస్సులో థండర్ బే రక్షిత జలప్రాంతం వాళ్ళు చాలా ఓడల దగ్గర సీజన్‌లో బోయాలు కడతారు. బోటు దానికి కట్టేసుకుంటే లంగరు అవసరమే లేదు. కాబట్టి నా లెక్కలో బోయా ఉంటే లొకేషన్ చెప్పాలి, లేకపోతే చెప్పకూడదు.

ఇంకో మాట. దాచినా ఎంతకాలం దాగుతుంది? ఇప్పుడు మామూలు చేపల బోటులో కూడా పక్కలు చూపించే సోనార్ (శబ్ద తరంగాలతో నీటి అడుగుని చూసే పరికరం) ఉంటోంది. నాగటి చాళ్ళలా వరసలు వేసుకుంటూ, ఒక వరస అంచు ఇంకోదాని మీదకి వచ్చేలా నిదానంగా నడిపితే చాలు. గట్టి వస్తువు మెరుస్తుంది, దాని వెనక నీడ పడుతుంది. నీడ పొడవుని బట్టి ఎత్తు తెలుస్తుంది. 1912లో క్రిస్మస్ చెట్లతో మునిగిన రౌజ్ సిమన్స్‌ని 1971లో ఒక డైవర్ కనిపెట్టాడు, అదీ వేరే ఓడ కోసం సోనార్‌తో వెతుకుతూ. ఇప్పటి పరికరాలకి అది ఒక లెక్కా?

పాతచార్టు:
లొకేషన్ ఇచ్చినా దొరుకుతుందనుకుంటున్నారా! పాత జాబితాల్లో సగం లొరాన్ (జీపీఎస్‌కి ముందు దారి చూపిన రేడియో వ్యవస్థ) నంబర్లే. ఆ వ్యవస్థని అమెరికాలో 2010లో ఆపేశారు. వాటిని జీపీఎస్‌కి మార్చి రాసినవి వందల మీటర్లు అటూ ఇటూ పోవచ్చు. కొత్తవాళ్ళు ఇంకో తికమక పడతారు. 03.250 నిమిషాలు అని రాస్తే 3 నిమిషాల 25 సెకన్లు అని కొడతారు. అసలు అది 15 సెకన్లు. అక్షాంశంలో ఆ 10 సెకన్ల తేడాకే 300 మీటర్లు దాటిపోతారు. తర్వాత ఇచ్చినవాడు అబద్ధమాడాడని తిడతారు.

చన్నీళ్ళు:
బోయా షరతు నాకు ఓకే, సోనార్‌పిచ్చి గారూ. కానీ మనుషులు పోయిన ఓడలు? ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్‌తో 29 మంది మునిగారు. దాని లొకేషన్ లోకమంతటికీ తెలుసు, అయినా కెనడా రాష్ట్రమైన ఒంటారియో లైసెన్స్ లేకుండా అక్కడ డైవ్ చేయకూడదు. బోయా కట్టినా అలాంటిచోటికి డైవర్లని పిలవడం నాకు ఇష్టం లేదు.

సోనార్‌పిచ్చి:
దానికి మీతోనే ఉన్నా.

సొంతబోటు:
సరే, బోయా లేనివాటి సంగతి? చూసే దారే లేదా?

చన్నీళ్ళు:
ఉంది. నా బోటులో రండి, దగ్గరుండి చూపిస్తా. మీ ఫోను, జీపీఎస్ మాత్రం ఒడ్డున వదిలేసి రావాలి.

సొంతబోటు:
వస్తా. కానీ ఆ ఓడ మీది కాదన్న మాట మీద మాత్రం మారను.