ఫ్లైట్ ముందు మిగిలింది రెండు రోజులే, ఎలా సర్దుకోవాలి?

మాది కాకినాడ. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాను, సోమవారం రాత్రి శంషాబాద్ నుంచి ఫ్లైట్. అంటే ఆదివారం సాయంత్రం హైదరాబాద్‌కి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కేయాలి, ఇంట్లో ఉండేది శనివారం, ఆదివారం పగలు మాత్రమే. అమ్మేమో అన్నవరంలో వ్రతం చేయించాల్సిందే అంటోంది. మా నానమ్మ రాజోలులో ఉంటుంది, మోకాళ్ల నొప్పులతో కదల్లేదు, నిన్న ఫోన్‌లో "మళ్లీ నువ్వొచ్చేసరికి నేనుంటానో లేదో" అనేసింది, అప్పటినుంచి నాకు నిద్ర లేదు. అన్నవరం ఒక వైపు, రాజోలు ఇంకో వైపు. ఒక్కరోజులో రెండూ పెట్టుకుంటే కార్లోనే తెల్లారిపోతుంది. నాన్న ఏమీ అనరు, సూట్‌కేసు 23 కిలోలు దాటిందా లేదా అని స్ప్రింగు త్రాసుకి తగిలించి పొద్దున్నుంచి నాలుగుసార్లు చూశారు.

శనివారం రాత్రి నానమ్మ దగ్గరే పడుకుని, ఆదివారం తిన్నగా ఇంటికొచ్చేస్తే అమ్మ బాధపడుతుందా? వ్రతం నేను వెళ్లాక వాళ్లిద్దరూ చేయించుకున్నా పర్వాలేదు కదా? ఇలాంటి పరిస్థితిలో మీరేం చేశారో చెప్పండి.

ఇంకోటి, నానమ్మ చికెన్ పచ్చడి పెడతానంటోంది. మాంసం పచ్చళ్లు అక్కడ కస్టమ్స్‌లో తీసేస్తారని ఆవిడకి ఎలా చెప్పను?