కొరియన్ పెళ్లిలో ప్యెబెక్ ఫోటోలు ఎలా తీయాలి?

ప్రశ్న:
అన్నా, వచ్చే నెల న్యూజెర్సీలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను, అమ్మాయి కొరియన్, అబ్బాయి అమెరికన్, చర్చిలో తెల్ల గౌను పెళ్లయ్యాక హాన్‌బోక్ (కొరియన్ సంప్రదాయ దుస్తులు) వేసుకుని ప్యెబెక్ (కొత్త జంట పెద్దలకు దండం పెట్టే వేడుక) చేస్తారట. ఎప్పుడూ తీయలేదు, టెన్షన్‌గా ఉంది. ఏది మిస్ అవ్వకూడదు?

జవాబు:
రేగుపండ్లు! పెద్దవాళ్లు ఎండు రేగుపండ్లు, చెస్ట్‌నట్‌లు విసిరితే ఇద్దరూ గుడ్డ చాపి పట్టుకుంటారు, ఎన్ని పడితే అంతమంది పిల్లలని నమ్మకం. క్షణంలో అయిపోతుంది, కెమెరాని బర్స్ట్‌లో (వరసగా ఫోటోలు తీసే మోడ్) పెట్టి షట్టర్ వేగం 1/500 సెకనుకి తగ్గనీయకు. నేను మొదటిసారి 1/125లో తీస్తే అన్నీ మసకే, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇంకో జవాబు:
పెద్దలకు వంగి దండం పెట్టేటప్పుడు నిలబడి తీయకండి, తలలే కనిపిస్తాయి. బల్ల పక్కన నేల మీద కూర్చోండి. పెళ్లికూతురు బుగ్గల మీద ఎర్రచుక్కలు పెట్టుకుంటే దగ్గరగా ఒకటి తీయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నా, ఇవాళే బియ్యం గింజలు విసిరించి ప్రాక్టీస్ చేస్తా.