ఫిన్లాండ్ యుద్ధ సినిమాలు: తెర మీద చూసినదానిలో జరిగినదెంత?

రెండో ఆట:
అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం పెక్కా పారిక్కా దర్శకత్వం వహించిన ‘తాల్విసోటా’ (అంటే శీతాకాల యుద్ధం) చూశాను. 1939-40లో సోవియట్ దాడిని ఫిన్లాండ్ ఎదుర్కొన్న యుద్ధం గురించిన సినిమా అది. మూడు గంటలకు పైగా నడిచే ఆ సినిమాలో అధిక భాగం కందకాలలోనే గడుస్తుంది. కౌహవా ప్రాంతం నుంచి కలిసి బయలుదేరిన మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే, సగానికి వచ్చేసరికి కొత్త పేర్లు గుర్తుపెట్టుకోవడానికే మనసు రాలేదు. నా సందేహాలు ఇవి. హకాలా అన్నదమ్ములు నిజంగా ఉన్నవారేనా? వారు పనిచేసిన 23వ పదాతి రెజిమెంటు నిజమైనదేనా? దీని తరువాత ఏది చూడాలి? చివరగా, ఆనాటి ఫిన్లాండ్ విమానాల ఫోటోలలో నీలిరంగు స్వస్తిక్ గుర్తు కనిపించింది. అది జర్మనీ నుంచి తెచ్చుకున్నదేనా?

ఔలు వాసి:
‘తాల్విసోటా’ చూసినవారందరూ లెనిన్‌గ్రాడ్ వైపు సరిహద్దులోని కరేలియా భూసంధి గురించే మాట్లాడతారు గాని, శీతాకాల యుద్ధాన్ని అర్థం చేసుకోవాలంటే ఉత్తరాన ఉన్న రాతె దారిని చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. 1940 జనవరి మొదటి వారంలో సోవియట్ 44వ డివిజన్ ఆ ఇరుకు అడవి దారి మీదే ముక్కలైపోయింది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఆ సైనికులలో చాలామందికి స్కీల మీద నడవడం తెలియదు. దారి వదిలితే నడుములోతు మంచు. ఫిన్లాండ్ దళాలు ఆ బారును అక్కడక్కడా తెగ్గొట్టి, ఒక్కొక్క ముక్కను చుట్టుముట్టాయి. ఆ ముక్కలను వారు ‘మొత్తి’ అన్నారు. కొట్టి, కొలిచి, పేర్చిపెట్టిన కట్టెల మోపుకు అక్కడి రైతులు వాడే మాట అది.

నేను ఫిబ్రవరిలో ఆ దారి ఉన్న సుఓముస్సల్మి వెళ్లాను. యుద్ధం సాగిన 105 రోజులకు గుర్తుగా స్మారకం మీద 105 చిన్న గంటలు వేలాడదీశారు. చుట్టూ ఉన్న మైదానంలో వేలాది బండరాళ్లు పరిచారు. ఆ రోజు రాళ్లన్నీ మంచు కింద గుండ్రని ఉబ్బులుగా మాత్రమే కనిపించాయి. గాలి వీచినప్పుడు కొన్ని గంటలు మోగి ఆగిపోయేవి, కాసేపటికి మరో వైపు ఇంకొన్ని మోగేవి. ఆ రాళ్లు రెండు వైపుల మృతులకూ చెందినవి.

మాజీ సుబేదారు:
ఇరవై ఎనిమిదేళ్లు సైన్యంలో పనిచేసి, అందులో ఒక విడత సియాచిన్‌లో గడిపి వచ్చినవాడిని కనుక, చలి విషయంలో నా మాట నమ్మవచ్చు. ఆ శీతాకాలంలో సున్నాకు 40 డిగ్రీలు దిగువకు పడిన రోజులున్నాయి. అటువంటి చలిలో తుపాకీ బోల్టుకు మామూలు నూనె రాస్తే అది గడ్డకట్టి, ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలదు. వట్టి చేతితో ఇనుము పట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోతుంది. ఫిన్లాండ్ సైన్యం దగ్గర అందరికీ సరిపడా యూనిఫారాలు కూడా లేవు. చాలామందికి బెల్టు, టోపీకి పెట్టుకునే గుర్తు, తుపాకీ ఇచ్చి, మిగతావి ఇంటి బట్టలే వేసుకోమన్నారు. దానికి అప్పటి ప్రధాని కయాండర్ పేరు మీద ‘కయాండర్ మోడల్’ అనే పేరు పడింది. కాని ఆ ఇంటి బట్టలు ఉన్ని బట్టలు, వేసుకున్నవారు మంచులో పుట్టి పెరిగినవారు, రాత్రికి మధ్యలో పొయ్యి ఉన్న గుడారం ఉండేది. పొయ్యి ఉన్నవాడు బతికాడు, లేనివాడు గడ్డకట్టాడు. సిమో హాయ్‌హా వంటి గురికాళ్లు చెట్ల మీద కూర్చుని కాల్చేవారని కూడా చదివాను.

నీలి శిలువ:
సుబేదారు గారూ, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కాని చెట్ల మీద గురికాళ్లు అన్నది సోవియట్ సైనికులలో పుట్టిన భయం. వారే ఆ గురికాళ్లకు ‘కోకిలలు’ అని పేరు పెట్టుకున్నారు. చెట్టు మీద ఉన్నవాడికి తప్పించుకునే దారి ఉండదని మీకు నేను చెప్పనవసరం లేదు. హాయ్‌హా మంచులో పడుకునే కాల్చాడు, అదీ దుర్భిణి లేకుండా, తుపాకీ మీది ఇనుప గురితోనే. 1940 మార్చి 6న తూటా తగిలి ఆయన దవడ చితికిపోయింది. యుద్ధం ముగిసిన 13వ తేదీన స్పృహ వచ్చింది. 2002 వరకు జీవించారు.

తుంగభద్ర:
స్వస్తిక్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను చరిత్ర పాఠం చెప్పేవాడిని, కనుక సమాధానం చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. 1918 మార్చిలో ఎరిక్ ఫాన్ రోసెన్ అనే స్వీడిష్ కౌంటు ఫిన్లాండ్‌కు ఒక విమానం కానుకగా ఇచ్చాడు. తన శుభచిహ్నంగా దాని మీద నీలిరంగు స్వస్తిక్ వేయించాడు. ఫిన్లాండ్ వైమానిక దళం దానినే తన గుర్తుగా తీసుకుని 1945 దాకా విమానాల మీద ఉంచుకుంది. జర్మనీలో నాజీలు ఆ గుర్తును చేపట్టింది 1920లో. ఇంతవరకు అందరూ చెబుతారు. అయితే నాజీ నాయకుడు హెర్మన్ గోరింగ్ పెళ్లాడినది ఇదే ఫాన్ రోసెన్ మరదలిని అన్న సంగతి, ఆ తరువాత ఫాన్ రోసెన్ స్వీడన్‌లో నాజీ భావాల వారితో తిరిగిన సంగతి చెప్పకుండా వదిలేస్తారు. గుర్తు ఎక్కడి నుంచి వచ్చినా, 1941 జూన్ తరువాత ఆ గుర్తు ఉన్న విమానాలు ఎవరి పక్కన ఎగిరాయన్నదే అసలు ప్రశ్న. ఫిన్లాండ్ సినిమాలు ఆ ప్రశ్న దగ్గర ఆగవు.

నీలి శిలువ:
ఇది అన్యాయమైన వాదన. 1918లో ఇచ్చిన కానుకకు 1923లో జరిగిన పెళ్లిని ముడిపెట్టడం చరిత్ర అనిపించుకోదు. మన ఇళ్ల గడపల మీద తరతరాలుగా ఉన్న గుర్తును చూసి పరాయివాడు వేలెత్తి చూపితే మనం ఒప్పుకుంటామా? 1939 నవంబరు 30న ఫిన్లాండ్ మీద దాడి జరిగినప్పుడు జర్మనీ స్టాలిన్‌తో ఒప్పందంలో ఉంది. నానాజాతి సమితి డిసెంబరు 14న సోవియట్ యూనియన్‌ను బహిష్కరించింది గాని, పోరాడినది ఫిన్లాండ్ సైనికులు, స్వీడన్ తదితర దేశాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సైనికులు మాత్రమే. 1941లో మొదలైనది, 1940 సంధిలో సోవియట్‌కు పోగొట్టుకున్న నేల కోసం చేసిన వేరే యుద్ధం. ఆ సైన్యంలో యూదు సైనికులు ఉన్నారు. స్విర్ నది దగ్గర యుద్ధరంగంలోనే వారికి ప్రార్థనా మందిరం ఉండేది. పార్లమెంటు ఒక్కరోజు కూడా రద్దు కాలేదు. నాజీల మిత్రదేశం ఇలాగే ఉంటుందా?

తుంగభద్ర:
మీ కోపం నాకు అర్థమవుతుంది, కాని తేదీలు కోపానికి లొంగవు. 1941 నవంబరులో ఫిన్లాండ్, జర్మనీ ముందుండి నడిపిన కామింటర్న్ వ్యతిరేక (కమ్యూనిస్టు వ్యతిరేక) ఒప్పందంలో చేరింది. బ్రిటన్ ఫిన్లాండ్ మీద యుద్ధం ప్రకటించిన తేదీ డిసెంబరు 6, ఫిన్లాండ్ స్వాతంత్ర్య దినం. పోగొట్టుకున్న నేల దగ్గరే ఆగి ఉంటే మీ మాట నిలిచేది. సైన్యం పాత సరిహద్దు దాటి సోవియట్ కరేలియాలోని పెట్రోస్కోయ్ నగరాన్ని పట్టుకుంది, దాని పేరు కూడా మార్చింది. అక్కడి రష్యన్ జనాన్ని నిర్బంధ శిబిరాలలో పెట్టారు. ఒక దశలో ఇరవై వేలకు పైగా మనుషులు వాటిలో ఉన్నారు. ఆకలితో, రోగాలతో నాలుగు వేల మందికి పైగా మరణించారు. లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఉత్తరం వైపు దారి మూసింది ఫిన్లాండ్ సైన్యమే. మీరు యూదు సైనికుల గురించి చెప్పారు కనుక, 1942 నవంబరులో జర్మన్లకు అప్పగించిన ఎనిమిది మంది యూదు శరణార్థుల గురించి కూడా చెప్పాలి. ఆ అప్పగింతకు ఫిన్లాండ్ ప్రభుత్వమే 2000లో క్షమాపణ చెప్పింది, హెల్సింకిలో స్మారకం నిలిపింది. ఆ దేశమే ఒప్పుకున్నదాన్ని మనం కాదనడం ఎందుకు?

మాండలిక ప్రేమి:
మీరిద్దరూ సినిమాలను వదిలేశారు. ఈ తగువుకు చోటు సినిమాలోనే ఉంది. వైనో లిన్నా 1954లో రాసిన ‘తెలియని సైనికుడు’ నవలలో పాత సరిహద్దు దాటే ఘట్టం చదవండి; ఇక నుంచి మనమూ దోపిడీదారులమే కదా అన్న ఆలోచన ఆ సైనికుల నోటనే వస్తుంది. లిన్నా స్వయంగా ఆ యుద్ధంలో మెషీన్‌గన్ దళంలో పనిచేసినవాడు. ఆ నవల మూడుసార్లు తెరకెక్కింది: 1955లో ఎడ్విన్ లైనే, 1985లో రౌని మోల్‌బెర్గ్, 2017లో ఆకు లౌహిమియెస్. మొదటిదాన్ని ఏటా స్వాతంత్ర్య దినాన ఫిన్లాండ్ టీవీలో వేస్తారు.

నా బాధ సబ్‌టైటిళ్ల గురించి. ఆ కథలోని సైనికులలో రొక్కా కరేలియా యాసలో మాట్లాడతాడు, హియెటానెన్ నైరుతి యాసలో మాట్లాడతాడు, ఒక్కొక్కరి మాటలోనే వారి ఊరు తెలిసిపోతుంది. సబ్‌టైటిళ్లలో అందరూ ఒకే పుస్తక భాష మాట్లాడతారు. శ్రీకాకుళం, చిత్తూరు, కరీంనగర్ వారి మాటలన్నీ ఒకే వార్తల భాషలోకి మారిస్తే ఎంత పోతుందో అంత పోయింది. పై అధికారికి రొక్కా ఎదురు చెప్పినప్పుడు అక్కడి ప్రేక్షకులకు వినిపించేది ఊరు పోగొట్టుకున్న కరేలియా రైతు గొంతు; మనకు వినిపించేది ఒక మొండివాడి గొంతు మాత్రమే.

నీలి శిలువ:
ఆ రైతు గురించే నేను మొదటి నుంచి చెబుతున్నాను. 1940 సంధితో నాలుగు లక్షల మందికి పైగా కరేలియా వాసులు ఇళ్లు వదిలి వచ్చారు. వారిలో చాలామంది 1941 తరువాత తిరిగి వెళ్లి, కాలిన ఇళ్లు మళ్లీ కట్టుకుని, విత్తనాలు వేసుకుని, 1944లో రెండోసారి అన్నీ వదిలి వచ్చారు. శిబిరాల సంగతి నేను కాదనడం లేదు. ఆ ఎనిమిది మంది సంగతీ కాదనను. కాని తుంగభద్ర గారు తరగతి గదిలో నిలబడి, బల్ల మీద తేదీలు పరిచి, ముప్పై ఏడు లక్షల జనాభా ఉన్న దేశం ఏం చేసి ఉండాలో తీర్పు చెబుతున్నారు. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు.

అక్షర:
ఇంత చర్చలో ఒక్క స్త్రీ పేరు, ఒక్క పిల్లవాడి పేరు రాలేదు. ఈ సినిమాలలో కూడా చాలావరకు అంతే. సైన్యానికి తోడుగా స్వచ్ఛందంగా పనిచేసిన లోట్టా స్వార్డ్ సంస్థలోని స్త్రీలు వంట నుంచి విమానాల కాపలా దాకా అన్ని పనులూ చేశారు. 1944 నవంబరులో, సోవియట్‌తో కుదిరిన సంధి షరతుల ఫలితంగా ఆ సంస్థనే రద్దు చేశారు. 2017 నాటి ‘తెలియని సైనికుడు’లో రొక్కా భార్యను పొలంలో చూపించడం నాకు అందుకే నచ్చింది.

యుద్ధకాలంలో సుమారు డెబ్బై వేల మంది పిల్లలను మెడలో చీటీలు కట్టి ముఖ్యంగా స్వీడన్‌కు పంపారు. నేను తాంపెరెలో చదువుకుంటున్నప్పుడు అద్దెకున్న ఇంటి యజమానురాలు వారిలో ఒకరు. ఆమె నాలుగేళ్ల వయసులో వెళ్లి, ఎనిమిదేళ్లప్పుడు తిరిగి వచ్చారు. రైల్వే స్టేషనులో తల్లి పలకరిస్తే ఆ భాష అర్థం కాలేదట. స్వీడిష్ తప్ప మరో మాట రాని కూతురిని తల్లి చెయ్యి పట్టుకుని, మాటలు లేకుండా ఇంటికి నడిపించుకుని వెళ్లిందట. ఆ చీటీ ఆమె దగ్గర ఇంకా ఉంది, గోధుమరంగు అట్టముక్క, దారం కట్టిన చోట చిల్లు సాగిపోయి ఉంది. క్లౌస్ హారో తీసిన 2005 నాటి ‘ఆయ్దెస్తా పర్హైన్’ ఈ పిల్లల కథే. యుద్ధం ఎవరి పక్షాన జరిగిందన్న వాదన ముగిసిన తరువాతనైనా దాన్ని చూడండి.

మాజీ సుబేదారు:
అక్షర గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను మీ స్థానంలో ఉంటే ఆ చీటీని ముట్టుకోలేకపోయేవాడిని.

చెట్ల విషయంలో నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. కాని 2022లో వచ్చిన ‘సిసు’ గురించి మాత్రం నన్ను చెప్పనివ్వండి. ఒంటరి మనిషి అన్ని గాయాలతో అలా పోరాడడం జరగదు. అది కల్పిత వీరగాథ. ఆ సినిమా వెనుక ఉన్న, దేశం ఉత్తర కొసన జరిగిన లాప్‌లాండ్ యుద్ధం మాత్రం కల్పన కాదు. 1944 సెప్టెంబరు సంధి ప్రకారం ఫిన్లాండ్ తన నేల మీద ఉన్న జర్మన్లను తానే తరిమివేయవలసి వచ్చింది. వారు వెళ్తూ వెళ్తూ వంతెనలు, ఇళ్లు, రోవానియెమి పట్టణం అన్నీ తగలబెట్టి, దారులలో మందుపాతరలు పెట్టి పోయారు. సైనికుడు ఇంటికి చేరిన తరువాత కూడా మందుపాతర పని ఆపదు. మందుపాతరలు తీసే పని నేను చేశాను. అది అడుగు అడుగుకూ ఊపిరి బిగబట్టే పని. దాన్ని నిజంగా చూపించే సినిమా ఎవరైనా తీస్తే నేను మొదటి రోజే చూస్తాను.

తుంగభద్ర:
నీలి శిలువ గారూ, నేను తీర్పు చెప్పడం లేదు. తెర మీద లేనిదాన్ని గుర్తుచేస్తున్నాను. 2007 నాటి ‘తాలి-ఇహంతలా 1944’ చూడండి. సోవియట్ దాడిని ఆపిన ఆ పోరాటంలో ఫిన్లాండ్ సైనికుల చేతిలో ఉన్న కొత్త ట్యాంకు విధ్వంసక ఆయుధాలు జర్మనీ ఇచ్చినవి. వాటి వెనుక 1944 జూన్‌లో జర్మనీని వదిలి విడిగా సంధి చేసుకోమని అధ్యక్షుడు ర్యుతి రాసిచ్చిన హామీ ఉంది. ఆగస్టులో ర్యుతి రాజీనామా చేశాడు. సైన్యాధిపతి మానర్‌హైమ్ అధ్యక్షుడై, ఆ హామీ తనను బంధించదన్నాడు. దేశాన్ని కాపాడడానికి ర్యుతి తన పేరును తాకట్టు పెట్టి, యుద్ధం తరువాత పదేళ్ల శిక్ష పొందాడు. నాకు ఆయన మీద గౌరవం ఉంది. ఆ గౌరవం, పెట్రోస్కోయ్ శిబిరాల గురించిన దుఃఖం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చు.

నీలి శిలువ:
ఈ చివరి మాట మీరు మొదటే రాసి ఉంటే నేను అంత గట్టిగా మాట్లాడి ఉండేవాడిని కాదు. ర్యుతి విషయంలో మీతో ఏకీభవిస్తాను. స్వస్తిక్ విషయంలో ఏకీభవించను.

మాండలిక ప్రేమి:
‘తాలి-ఇహంతలా 1944’ దర్శకులలో ఒకరైన ఓకె లిండ్‌మన్ 1955 నాటి ‘తెలియని సైనికుడు’లో లెహ్తో పాత్రధారి. యాభై ఏళ్ల తరువాత అదే యుద్ధానికి తిరిగి వచ్చాడు.

రెండో ఆట:
అందరికీ కృతజ్ఞతలు. ఎన్నో కొత్త సంగతులు తెలిశాయి. హకాలా అన్నదమ్ముల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఔలు వాసి:
క్షమించండి, అది నేను మొదటే చెప్పవలసింది. 23వ పదాతి రెజిమెంటు నిజమైనది; దక్షిణ ఒస్త్రోబోత్నియా మనుషులతో ఏర్పడి, కరేలియా భూసంధిలోని తైపాలెలోను, ఆ తరువాత వుఓసల్మి దగ్గరా పోరాడింది. అన్నదమ్ములు అంతి తూరి నవలలోని పాత్రలు. సినిమాను యుద్ధం మొదలై సరిగ్గా యాభై ఏళ్లయిన రోజున, 1989 నవంబరు 30న విడుదల చేశారు. ఫిన్లాండ్ సైన్యం వీలైనంతవరకు మృతులను సొంత ఊరికే చేర్చింది, అందుకే అక్కడ ఏ ఊరి చర్చి పక్కన చూసినా వరుసలుగా సైనికుల సమాధులు ఉంటాయి. క్రిస్మస్ ముందు రాత్రి ప్రతి సమాధి దగ్గరా మంచులో చిన్న గుంట చేసి కొవ్వొత్తి పెడతారు. కౌహవా వైపు ఎప్పుడైనా వెళితే ఆ రాత్రికి వెళ్లండి; ఆ వరుసలలో ఒకే ఇంటిపేరు పక్కపక్కనే రెండుసార్లు కనిపించే రాళ్లు ఉంటాయి.

రెండో ఆట:
శనివారం 1955 నాటి ‘తెలియని సైనికుడు’ మొదలుపెడతాను.