నైసార్ 12 మీటర్ల గొడుగు: నేల మీది కొలతను నమ్మాలా, కక్ష్యలోదా?

గజంబద్ద:
2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్. దాని 12 మీటర్ల రిఫ్లెక్టర్ (రాడార్ తరంగాలను కూడగట్టి పంపే, పట్టే గిన్నె) బంగారు పూత వేసిన సన్నతీగల వల. ఆగస్టులో, పైనే విచ్చుకుంది. ఇంత పెద్దదాన్ని కింద కొలిచి ఏం లాభం? బీమ్ (ఆంటెన్నా వదిలే తరంగాల పుంజం) నిజరూపం కనపడాలంటే వ్యాసం వర్గాన్ని రెట్టించి తరంగదైర్ఘ్యంతో భాగించినంత దూరం కావాలి. 24 సెంటీమీటర్ల తరంగాల నాసా ఎల్ బ్యాండ్ రాడార్‌కే 1200 మీటర్లు, ఇంకా పొట్టి తరంగాల ఇస్రో ఎస్ బ్యాండ్ రాడార్‌కి 3 కిలోమీటర్లు! పైగా వల తన బరువుకే కుంగుతుంది. పైకెళ్లాక, రాడార్‌కి అంతటా దాదాపు ఒకేలా కనిపించే అమెజాన్ అడవి మీద క్యాలిబ్రేట్ చేసుకుంటే (కొలతలు సరిచూసుకుంటే) సరిపోతుంది.

నియర్‌ఫీల్డ్:
గజంబద్ద గారూ, లెక్క సరే, తేల్చిన మాటే ఒప్పుకోను. దగ్గర్నుంచే ప్రోబ్‌తో (తరంగాలను కొలిచే చిన్న ఆంటెన్నాతో) గీతగీతగా స్కాన్ చేసి దూరపు బీమ్‌ను లెక్కకట్టొచ్చు. దానికీ జబ్బులున్నాయి. ఓసారి చిన్న ఆంటెన్నాను రాత్రంతా స్కాన్ చేశాం. మొదటి గీతను చివర్లో మళ్లీ కొలవడం మా అలవాటు. తెల్లారి చూస్తే రెండూ కలవలేదు, ఫేజ్ (తరంగం ఊగిసలాటలో ఏ దశలో ఉందో చెప్పే కోణం) 9 డిగ్రీలు జరిగింది. ప్రోబ్ వెంట కదిలే కేబుల్‌కి ఏసీ గాలి తగిలింది, అంతే! ఎస్ బ్యాండ్‌లో ప్రోబ్ ఒక్క మిల్లీమీటరు ముందుకు జరిగినా దాదాపు 4 డిగ్రీలు తేడా. కానీ దొంగ దొరికాడు. కక్ష్యలో ట్రాన్స్‌మిటర్ పవరు, గెయిన్ (ఆంటెన్నా తరంగాలను ఒకవైపు ఎంత కూడగడుతుందో ఆ కొలత), ఉపగ్రహం వాలు అన్నీ ఒకే ఎకోలో కలిసొస్తాయి. అర డెసిబెల్ తగ్గితే ఎవరి ఖాతాలో రాస్తారు? అమెజాన్ కూడా తెల్లవారుజామున మంచుకు తడిసి ఒకలా, సాయంత్రం ఇంకోలా కనిపిస్తుంది.

సిగ్మానాట్:
యూరప్ రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1ను చూడండి. 12.3 మీటర్ల ఆంటెన్నా, బోలెడన్ని బీమ్‌లు. కింద కొన్నే కొలిచి, వాటితో గణిత నమూనాను సరిచూసి, మిగతావి నమూనాతోనే తీశారు. పైకెళ్లాక నేల మీద పెట్టిన ట్రాన్స్‌పాండర్లు (సిగ్నల్‌ను అందుకుని తిప్పి పంపే పరికరాలు), కార్నర్ రిఫ్లెక్టర్లతో (వచ్చిన దిక్కుకే తిప్పికొట్టే లోహపు మూలలతో) మళ్లీ సరిచూశారు.

గజంబద్ద:
అది గట్టి పలక అండీ. ఇది వల. ఉపరితలంలో సగటున 2 మిల్లీమీటర్ల తేడా ఉంటే ఎస్ బ్యాండ్‌లో పంపేటప్పుడో, అందుకునేటప్పుడో ఒకవైపే 0.3 డెసిబెల్ పోతుంది. ఎల్ బ్యాండ్‌లో 0.05 మాత్రమే. కుంగిన వలను కొలిస్తే ఆ 2 మిల్లీమీటర్లు ఎవరివి?

నియర్‌ఫీల్డ్:
అందుకే ఇలాంటి వలల్ని గిన్నె పైకి చూసేట్టు ఒకసారి, బోర్లించి ఒకసారి ఫొటోగ్రామెట్రీతో (చాలా కోణాల ఫొటోల నుంచి ఆకారం లెక్కకట్టే పద్ధతితో) కొలుస్తారు. బరువు ప్రభావం రెండింట్లో ఎదురెదురుగా పడుతుంది, సగటు తీస్తే చాలావరకు కొట్టుకుపోతుంది.

గజంబద్ద:
బోర్లించడం నాకు తట్టలేదు. ఎస్ బ్యాండ్ వరకు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఎల్ బ్యాండ్‌కి మాత్రం అమెజానే చాలని ఇప్పటికీ అంటాను.