ఓపెన్‌సీన్‌గ్రాఫ్‌కి సొంత ప్లగిన్: కంపైల్ అవుతోంది, లోడ్ కావడం లేదు

ప్రశ్న
ఎంబీఎక్స్ అనే సొంత బైనరీ మెష్ (3డీ ఆకారం) ఫార్మాట్ చదవడానికి, 3డీ గ్రాఫిక్స్ లైబ్రరీ ఓపెన్‌సీన్‌గ్రాఫ్ (ఓఎస్‌జీ) కోసం ప్లగిన్ రాస్తున్నాను. వెర్షన్ 3.6.5, లినక్స్, బిల్డ్ చేయడానికి సీమేక్. రీడర్‌రైటర్ క్లాస్ నుంచి డిరైవ్ చేసి, సపోర్ట్స్‌ఎక్స్‌టెన్షన్ పిలిచి, చివర్లో రిజిస్టర్ మ్యాక్రో పెట్టాను. లైబ్రరీ తయారవుతోంది కానీ వ్యూయర్ మాత్రం ‘ఈ ఫైల్ చదివే ప్లగిన్ దొరకలేదు’ అంటోంది.

జవాబు 1
ముందు తయారైన ఫైల్ పేరు చూడండి. సీమేక్ తనంతట తాను ముందు ‘లిబ్’ తగిలిస్తుంది. ఓఎస్‌జీ వెతికేది మాత్రం సరిగ్గా ‘ఓఎస్‌జీడీబీ_ఎంబీఎక్స్’ అన్న పేరే. టార్గెట్ ప్రాపర్టీల్లో ప్రిఫిక్స్‌ని ఖాళీ చేయండి. ఎక్స్‌టెన్షన్ చిన్న అక్షరాల్లోనే ఉండాలి. ఆ ఫైల్‌ని ‘ఓఎస్‌జీప్లగిన్స్-3.6.5’ ఫోల్డర్‌లో పడేస్తే సరి.

జవాబు 2
పని నడుస్తున్నప్పుడు ఆ ఫోల్డర్ జోలికి పోకపోవడం మేలు, పాత కాపీ అక్కడే మిగిలిపోయి తికమక పెడుతుంది. ఓఎస్‌జీ లైబ్రరీ పాత్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో మీ బిల్డ్ ఫోల్డర్ పెట్టండి. నోటిఫై లెవెల్‌ని (ఎంత వివరంగా సందేశాలు చూపాలో చెప్పే సెట్టింగ్) డీబగ్‌కి మారిస్తే ఏ పేరుతో, ఎక్కడెక్కడ వెతికిందో తెరమీదే కనిపిస్తుంది. ఓఎస్‌జీని డీబగ్‌లో బిల్డ్ చేసుకుంటే పేరు చివర ‘డీ’ కూడా ఉండాలి. విండోస్‌లో డీబగ్, రిలీజ్ కలిపితే స్ట్రింగ్‌లు ఇటూ అటూ వెళ్లే చోట క్రాష్ కావచ్చు.

స్టాటిక్‌గా లింక్ చేస్తే మాత్రం ప్రోగ్రామ్‌లో ‘యూజ్’ మ్యాక్రో కూడా రాయాలి. లేకపోతే ఎవరూ వాడని కోడ్ కదా అని లింకర్ ప్లగిన్‌ని వదిలేస్తుంది.

ప్రశ్న వేసినవారు
ప్రిఫిక్స్ తీసేశాక ప్లగిన్ దొరికింది. మెష్ వస్తోంది కానీ ఫైల్ వేరే ఫోల్డర్‌లో ఉంటే టెక్స్చర్ (మెష్ మీద అతికే బొమ్మ) రావడం లేదు.

జవాబు 3
టెక్స్చర్ దారి మోడల్ ఫైల్‌కి సాపేక్షం, వెతకడం మాత్రం ప్రోగ్రామ్ నడిచే ఫోల్డర్ నుంచి జరుగుతోంది. రీడ్‌నోడ్‌లోకి వచ్చిన ఆప్షన్స్‌ని క్లోన్ చేసి (అది నల్ కావచ్చు, అప్పుడు కొత్తది సృష్టించండి), డేటాబేస్ పాత్ లిస్ట్ మొదట్లో మోడల్ ఉన్న ఫోల్డర్‌ని చేర్చి, ఆ కాపీనే ఇమేజ్ చదివే ఫంక్షన్‌కి ఇవ్వండి. వచ్చిన ఆప్షన్స్‌ని నేరుగా మార్చకండి, అది ఇతరులు కూడా వాడుతున్న వస్తువు.

రీడ్‌నోడ్ చివర ‘కాన్స్ట్’ మరిచిపోతే అది ఓవర్‌రైడ్ కాదు, బేస్ క్లాస్‌దే నడుస్తుంది. ‘ఓవర్‌రైడ్’ అని రాసి ఉంచితే కంపైలరే పట్టుకుంటుంది. మీ ఎక్స్‌టెన్షన్ కాకపోతే ‘ఫైల్ నాట్ హ్యాండిల్డ్’, లోపల డేటా పాడైతే ‘ఎర్రర్ ఇన్ రీడింగ్ ఫైల్’ తిరిగి పంపండి. రెండింటికీ మొదటిదే వాడితే అసలు కారణం ఎప్పటికీ బయటపడదు.

జవాబు 2
ఇంకొకటి: ఇండెక్స్ విలువలు 65,535 దాటితే యూషార్ట్ (16 బిట్లు) చాలదు, యూఇంట్ (32 బిట్లు) రకం వాడండి. చదువుతున్న స్థితిని క్లాస్ మెంబర్లలో దాచొద్దు. డేటాబేస్ పేజర్ (నేపథ్యంలో ఫైళ్లు లోడ్ చేసే ఓఎస్‌జీ భాగం) ఒకే రీడర్‌ని వేర్వేరు థ్రెడ్‌ల నుంచి పిలుస్తుంది.